గుమ్మటం కింద చోటుందా?

మా పెద్దమ్మగారి అబ్బాయి ఇల్లు కడుతున్నాడు. ఇంజనీరు ఇచ్చిన ఎలివేషన్ బొమ్మను బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. రెండంతస్తుల మేడ, ముందువైపు గ్రానైటు, బాల్కనీకి స్టీలు కడ్డీలు, అన్నిటికీ పైన లేత బంగారు రంగు గుమ్మటం. గ్రూపులో అభినందనలు వరసకట్టాయి. "దాని కింద ఏముందన్నయ్యా?" అని అడిగాను. "వాటర్ ట్యాంకు. గుమ్మటం ఫైబర్‌ది, లారీలో తయారుగా వస్తుంది, నాలుగు బోల్టులు బిగిస్తే అయిపోతుంది" అన్నాడు. మరి ట్యాంకు కడగడానికి మనిషి ఎలా దూరతాడని అడిగితే, వెనకవైపు ఎవరికీ కనబడకుండా చిన్న తలుపు పెట్టిస్తున్నాడట.

ఎవరి ఇంటి మీద ఏముండాలో చెప్పడానికి నేనెవరిని? ట్యాంకు మీద గుమ్మటం ఉంటే ఎవరికీ నష్టం లేదు, నీళ్లు కాస్త చల్లగా కూడా ఉంటాయేమో. అయితే ఆ మాట విన్నాక, దారిలో కనిపించిన ప్రతి గుమ్మటాన్నీ అదే ప్రశ్న అడగడం అలవాటైంది. ఫంక్షన్ హాలు మీద ఉన్నదాని కింద ఏసీ యంత్రాలు. ఇంజనీరింగు కాలేజీ మీద ఉన్నదాని కింద మెట్లగది. గేటెడ్ కమ్యూనిటీ ముఖద్వారం మీద ఉన్నదాని కింద గాలి. నా వాదన ఇంతే: గుమ్మటం మొదట ఒక గది. కింద నిలబడి తల ఎత్తే మనిషి కోసం పుట్టిన పైకప్పు. ఆ మనిషికి చోటు లేకపోతే మిగిలేది టోపీ. రెండు మూడు తరాలుగా మనం గుండ్రటి గదుల్ని ఖాళీ చేసి, గుండ్రటి టోపీలు పెట్టుకుంటున్నాం. ఈ వాదనకు అడ్డం వచ్చేవి చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి రెండు నా వాదన కన్నా గట్టివి.

బయట అనేది లేని గుమ్మటం

ఏలూరు జిల్లా కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండ మీద ఒక గుండ్రటి గది ఉంది. అది కట్టినది కాదు, ఇసుకరాతి కొండను తొలిచినది. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం నాటిదని చరిత్రకారుల అంచనా. అడ్డకొలత 18 అడుగులకు కాస్త అటూ ఇటూ, అంటే ఇవాళ్టి ఇళ్లలో ఓ మోస్తరు హాలంత. మధ్యలో రాతి స్తూపం, దాని చుట్టూ తిరగడానికి ఇరుకు దారి. బౌద్ధులు వెళ్లిపోయాక చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ స్తూపాన్నే ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తూ వచ్చారు.

లోపలికి వెళ్లి తల ఎత్తితే అసలు సంగతి కనబడుతుంది. పైకప్పు నడినెత్తి నుంచి అన్ని వైపులకూ వాసాలు దిగుతుంటాయి, వాటికి అడ్డంగా బద్దెలు. అన్నీ రాతివే. పూరింట్లో పడుకుని పైకి చూస్తే ఏం కనిపిస్తుందో దాన్ని వాసం వాసంగా కొండలో చెక్కారు. బీహారులోని బరాబర్ కొండల్లో, అశోకుడు ఆజీవకులనే సన్యాసులకిచ్చిన సుదామ గుహలోనూ ఇలాంటిదే ఒకటి ఉంది; అక్కడైతే గుహలోపల ఒక గుండ్రటి గుడిసె, దాని చూరుతో సహా, నల్లరాతిలో నునుపుగా తేలి ఉంటుంది. మన దేశంలో మిగిలిన అతి పాత గుమ్మటపు గదులు రాజభవనాలను చూసి చెక్కినవి కావు, పూరిళ్లను చూసి చెక్కినవి.

గుంటుపల్లి గది నన్ను పట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది. దానికి లోపలే ఉంది, బయట లేదు. కొండ పైకి ఎక్కి చూస్తే మీ కాళ్ల కింద గుమ్మటం ఉందని తెలియదు. దాని మధ్యలో ఉన్న స్తూపం సరిగ్గా దీనికి తిరగబడ్డ వస్తువు: నిండు రాయి, బయటే తప్ప లోపల లేదు. ఒక గుమ్మటంలో ఇంకో గుమ్మటం; ఒకదాంట్లో మనిషి నిలబడతాడు, రెండోదాని చుట్టూ మనిషి తిరుగుతాడు. రెండింటికీ మనిషితో పని ఉంది.

నాతో వచ్చిన మిత్రుడు సివిల్ ఇంజనీరు. వాసాల కేసి కాసేపు చూసి, "ఇవి ఏ బరువూ మోయవు. ఉత్త అలంకారం. మీ అన్నయ్య ఫైబర్ గుమ్మటానికీ దీనికీ తేడా ఏమిటి చెప్పు" అన్నాడు. అక్కడికక్కడ నాకు జవాబు తోచలేదు. ఆ మాట నిజమే. కొండ తనంతట తాను నిలబడుతుంది, ఆ వాసాల అవసరం లేదు. నకలు అంటే ఇదీ నకలే. కాబట్టి నకలు మీద నాకు పేచీ లేదు. గుంటుపల్లి శిల్పి ఆ నకలును లోపల ఉన్నవాడి కోసం చెక్కాడు. రాతి కింద నిలబడ్డవాడికి తాటాకు కింద ఉన్నట్టు అనిపించాలనుకున్నాడు. అన్నయ్య గుమ్మటం రోడ్డు మీద పోయేవాడి కోసం.

చుట్టిల్లు ఎందుకు పోయింది

ఇక్కడ ఒక మెలిక ఉంది. గుంటుపల్లి శిల్పి చూసిన గుడిసెకు దగ్గరి చుట్టం మొన్నమొన్నటిదాకా మన మధ్యే ఉండేది. శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా తీరంలో చుట్టిళ్లు ఉండేవి, ఇప్పటికీ అక్కడక్కడ ఉన్నాయి. గుండ్రటి మట్టిగోడ, పైన తాటాకు, నడుం వంచితే తప్ప దూరలేనంత కిందికి దిగిన చూరు. లోపల కర్రల మీద మట్టి మెత్తిన అటక. పైన ఆకు అంటుకున్నా, ఆ మట్టి అటక కింద ఉన్న సామాను కొంతసేపు కాచుకునేది. తుపాను గాలికి ఎదురొడ్డే చదును గోడ లేదు, గాలి చుట్టూ జారిపోతుంది.

లెక్క కూడా గుండ్రానికే అనుకూలం. 100 చదరపు మీటర్ల గదికి చదరంగా అయితే 40 మీటర్ల గోడ కావాలి, గుండ్రంగా అయితే 35 మీటర్లకు పైన కొద్దిగా. తిరువనంతపురంలో ఎన్నో చవక ఇళ్లు కట్టిన లారీ బేకర్ ఈ లెక్కను పదేపదే గుర్తుచేసేవాడు.

ఇదంతా చెప్పి చుట్టిల్లును పొగడటం సులువు. శ్రీకాకుళం తీరంలో ఒక ముసలావిడ ముందు నేను అదే చేశాను. ఆవిడ విని, "వానాకాలం ఉండి చూడు నాయనా, అప్పుడు పొగుడుదువుగాని" అంది. ఆకు కుళ్లుతుంది, కొన్నేళ్లకోసారి మార్చాలి, ఇప్పుడు ఆకు కొట్టేవాడూ లేడు, కప్పేవాడూ లేడు. చెదలు, పాములు, ఊరంతా ఒకదానికొకటి ఆనుకున్న చూరులు, ఒక్క నిప్పురవ్వ. ఆవిడ మనవడు కాలనీలో స్లాబు ఇల్లు కట్టుకున్నాడు. ఎండాకాలం అందులో ఉండలేక ఆవిడ పగలంతా వేపచెట్టు కింద కూర్చుంటుంది. అయినా స్లాబు ఇల్లే కావాలంటుంది.

ఆవిడ చెప్పనిది ఇంకొకటి ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడింది గాలి మాత్రమే కాదు, సముద్రం. ప్రభుత్వ లెక్కల్లోనే మృతులు 10 వేల దరిదాపుల్లో ఉన్నారు. ఉప్పెన ముందు మట్టిగోడ గుండ్రంగా ఉంటేనేం, పలకగా ఉంటేనేం? పక్కా మేడల మీదికి ఎక్కగలిగినవాళ్లు బతికారు. ఆ తరువాత తీరంలో స్లాబు మీద పుట్టిన గౌరవాన్ని వాస్తుశిల్పం పేరు చెప్పి ఎగతాళి చేసే హక్కు నాలాంటివాళ్లకు లేదు.

అయితే చుట్టిల్లును చంపింది ఉప్పెన ఒక్కటే అనుకోను. సముద్రం ముఖం చూడని ఊళ్లలోనూ గుండ్రటి ఇల్లు పోయింది. నాకు తోచిన కారణం గజం. ఒక సెంటు అంటే 48.4 చదరపు గజాలు. చదరపు స్థలంలో పట్టే అతి పెద్ద వృత్తం గీస్తే 38 గజాలు ఇల్లవుతుంది, 10 గజాలకు పైగా నాలుగు మూలల్లో ముక్కలై పోతుంది. హైదరాబాదులో పది గజాలు ఊరికే వదిలేసుకునేవాడికి పిల్లనిచ్చేవారుండరు. తరువాత అన్నదమ్ముల పంపకం. పలక ఇంటికి నడిమధ్యన గోడ పెట్టొచ్చు, ఒక పక్కన ఇంకో గది తగిలించొచ్చు. గుండ్రటి ఇల్లు పంపకానికీ లొంగదు, చేర్పుకూ లొంగదు. వాస్తు సరేసరి; ఈశాన్యం మూల ఏదంటే చూపించడానికి మూలే లేదు. ఇక బీరువా. వీపు చదునుగా ఉన్న బీరువాను వంపు గోడకు ఆనించి చూడండి, వెనక బల్లులు కాపురం పెట్టేంత సందు మిగులుతుంది.

అమెరికాలోనూ ఇదే తీర్పు వచ్చింది. డిజైనర్ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ ముక్కోణపు చట్రాలు అతికి చేసిన జియోడెసిక్ గుమ్మటాలను చూసి అక్కడి యువతరం 1960ల చివర్లో గుమ్మటాల ఇళ్లు కట్టుకుంది. వాటిని ఎలా కట్టాలో చెబుతూ చేతిపుస్తకాలు వేసిన లాయిడ్ కాన్, కొన్నేళ్లు అందులో ఉండి చూశాక, వాటి అచ్చు తానే ఆపేశాడు. అన్ని అతుకుల్లోంచీ నీళ్లు కారతాయి, మార్కెట్లో చెక్కలన్నీ పలకలుగానే దొరుకుతాయి, గదులుగా విడదీయలేం. మా ముసలావిడ చెప్పిందీ దాదాపు అదే.

మరి గుజరాత్‌లోని కచ్ సంగతి? అక్కడి భూంగాలు గుండ్రటి మట్టి ఇళ్లే. 2001 జనవరి 26 భూకంపంలో పలక ఇళ్లు కుప్పకూలిన చోట చాలా భూంగాలు నిలబడ్డాయి. తరువాత జనం వాటిని మట్టి ఇటుకలతో, సిమెంటు కలిపి మళ్లీ కట్టుకున్నారు కూడా. అక్కడ బీరువా సమస్య లేదు. గూళ్లు, ధాన్యపు గాదెలు అన్నీ మట్టితో వంపుకు తగ్గట్టే చేసుకుంటారు. పంపకం సమస్యా లేదు. ఒక భూంగా అంటే ఒక గది, కుటుంబం పెరిగితే అదే అరుగు మీద పక్కన ఇంకొకటి లేస్తుంది. కచ్‌లో నేలకు కొదవ లేదు కాబట్టి అది చెల్లింది. గజాల లెక్కన నేల కొనేచోట చెల్లదు. అందుకే ఇల్లుగా గుండ్రటి గది తిరిగి రావాలని నేను అడగడం లేదు. తీరంలో రిసార్టులవాళ్లు ఏసీ పెట్టి కట్టే చుట్టు కాటేజీలు వేరే కథ. వాటి గురించి మాట్లాడితే నోరు పాడవుతుంది.

బిజాపూరులో చప్పట్లు

ఇల్లు కానిచోట మాత్రం గుండ్రటి గదికి సాటి వచ్చేది నాకు తెలిసి లేదు. బిజాపూరు గోల్ గుంబజ్‌లోకి వెళ్లండి. 1656లో చనిపోయిన బిజాపూరు సుల్తాను మహమ్మద్ ఆదిల్ షా సమాధి అది. దాదాపు 1,700 చదరపు మీటర్ల నేల మీద ఒక్క స్తంభం లేదు. గుమ్మటం బయటి అడ్డకొలత 44 మీటర్లు, లోపల 38; మిగతా 6 మీటర్లు రెండు పక్కలా గోడ మందం.

నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది చదరం గుండ్రం అయ్యే చోటు. కింద గది చదరం, పైన కప్పు గుండ్రం. మధ్యలో ఎనిమిది కమానులు ఒకదాన్నొకటి కోసుకుంటూ లేచి, నాలుగు మూలల్ని మింగేసి, పైన గుమ్మటానికి గుండ్రటి పీట వేస్తాయి. గుమ్మటం తన బరువుతో అంచుల్ని బయటికి తోస్తుంది. ఆ తోపుడును గోడ మందంతోనో, ఇనుప గొలుసుతోనో, ఇలా కమానులతోనో పట్టి ఉంచాలి. పట్టు తప్పితే ఏమవుతుందో ఇస్తాంబుల్‌లోని హేగియా సోఫియా చెప్పింది: 537లో పూర్తయిన ఆ గుమ్మటం భూకంపాలకు బీటలిచ్చి 558లో కూలింది, మళ్లీ కట్టినప్పుడు ఇంకా నిటారుగా లేపారు. ఫైబర్ గుమ్మటానికి ఈ బాధ లేదు. అది దేన్నీ తోయదు, దేన్నీ మోయదు, అందుకే నాలుగు బోల్టులు చాలు.

బిజాపూరులో నేను చూసిన రోజు ఒక బడి పిల్లలు పైనున్న నడవాలో కేకలు పెడుతున్నారు. ఒక్కో కేక ఏడెనిమిదిసార్లు తిరిగి వస్తోంది. కాపలాదారు ఊరుకోమని ఈల వేశాడు. ఈలా అన్నిసార్లు తిరిగొచ్చింది. పిల్లలు పడీపడీ నవ్వారు, ఆ నవ్వులూ తిరిగొచ్చాయి. వాళ్ల చరిత్ర మాస్టారు ఆదిల్‌షాహీల గురించి చెప్పబోయి రెండు వాక్యాలకే మానుకుని, బయట తోటలో కూర్చోబెట్టి చెప్పారు. గుండ్రటి గది మాటకు పనికిరాదనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. లండన్‌లో 1871లో తెరిచిన రాయల్ ఆల్బర్ట్ హాలులోనూ ఇదే గోల. అందులో అయితే ఏ పాటైనా రెండుసార్లు వినొచ్చని జోకులు వేసుకునేవారు. చివరికి 1969లో కప్పు కింద ఫైబర్ గ్లాసు బిళ్లలు వేలాడదీశాక గాని కాస్త సర్దుకోలేదు. అంటే, గుండ్రటి గదిని సభలకు వాడండి అని నేను సిఫారసు చేసే ముందు ఆ బిళ్లల ఖర్చు కూడా లెక్కేసుకోవాలి.

అయినా ఆ పిల్లలకు ఆ రోజు గుర్తుండేది గుమ్మటం ఎంత పెద్దదనే అంకె అయివుండదు. తమ గొంతు తమకు తిరిగిరావడం. గోల్కొండలో ద్వారం దగ్గర గైడు కొట్టే చప్పట్లు బాలా హిసార్ మీద వినిపించడం మనవాళ్లలో ఎంతమందికి చిన్నప్పటి జ్ఞాపకం! గది మనిషికి బదులు పలకడం అన్నది పలక గదుల్లో సాధారణంగా జరగదు.

తాజ్ మహల్ అడ్డు పడుతుంది

నా వాదనకు అసలు దెబ్బ ఆగ్రాలో తగులుతుంది. తాజ్ మహల్ లోపల తల ఎత్తితే కనిపించే గుమ్మటం వేరు, యమున అవతలి నుంచి కనిపించే తెల్ల గుమ్మటం వేరు. రెండింటి మధ్యా పెద్ద ఖాళీ. అందులో ఎవరూ నిలబడరు, ఎవరూ చూడరు. హుమాయూన్ సమాధిదీ అదే పద్ధతి. లండన్ సెయింట్ పాల్స్ చర్చిలో వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ ఇంకో అడుగు వేశాడు. లోపల బొమ్మలు వేసిన గుమ్మటం ఒకటి, దానిపైన శిఖరం బరువు మోసే ఇటుకల శంకువు, దాన్ని దాచడానికి కర్రతో కట్టి సీసం రేకు తొడిగిన బయటి గుమ్మటం. ఊరికి కనిపించేది ఆ మూడోదే. పోనీ, మన గుళ్లు? తంజావూరు విమానం మీది గుమ్మటంలాంటి ఎనిమిది పలకల శిఖరానికీ, కింద చీకటి గర్భగుడిలో నిలబడ్డవాడి కంటికీ ఏ సంబంధమూ లేదు. టోపీ పెట్టడంలో మా అన్నయ్య ఇంజనీరు కనిపెట్టింది ఏమీ లేదు, మహామహులు ఎప్పుడో పెట్టారు.

చాలాకాలం ఈ చిక్కును పక్కకు నెట్టి మాట్లాడేవాణ్ని. ఇప్పుడు ఇలా అనుకుంటున్నాను. ఊరు దూరం నుంచి చూస్తుంది, మనిషి కింది నుంచి చూస్తాడు. ఈ రెండు చూపులకు ఒకే ఎత్తు సరిపోదు. లోపల అందంగా ఉండేంత ఎత్తులో కడితే బయటికి కనబడదు, బయటికి కనబడేంత లేపితే లోపల బావిలో నిలబడ్డట్టుంటుంది. షాజహాన్ పనివాళ్లూ రెన్నూ ఇద్దరికీ చెరొకటి కట్టారు. లోపలివాడికి ఇవ్వాల్సింది ఇచ్చి, ఆ తరువాత ఊరి సంగతి చూశారు. మన రోజుల్లో మొదటి సగం రద్దయి రెండో సగమే మిగిలింది. తంజావూరు విషయంలో మాత్రం ఈ జవాబు పని చెయ్యదని ఒప్పుకుంటాను. అక్కడ శిఖరం దేవుడు ఎక్కడున్నాడో చెప్పే గుర్తు. ట్యాంకు ఎక్కడుందో చెప్పే గుర్తుతో దాన్ని పోల్చడం నాకు ఇష్టం లేదు.

ఇంకో కొసన రోము పాంథియన్ ఉంది. సుమారు 1,900 ఏళ్ల కిందటి, ఉక్కు లేని కాంక్రీటు గుమ్మటం, అడ్డకొలత 43 మీటర్లు దాటుతుంది. ఎత్తూ అంతే, కాబట్టి లోపల ఒక గోళం సరిగ్గా పడుతుంది. నడినెత్తిన 9 మీటర్ల దాకా తెరిచిన కన్ను, వాన పడితే నేల మీదే పడుతుంది, నీళ్లు పోవడానికి నేలలో కన్నాలు. అంతటి గుమ్మటం ముందున్న కూడలిలో నిలబడ్డవాడికి సరిగా కనబడనే కనబడదు, స్తంభాల మంటపం అడ్డు. కట్టినవాళ్లకు అది లోటుగా తోచినట్టు లేదు.

గుమ్మటాల గురించి ఇప్పుడు మనం చేసే చర్చ ఇంతకన్నా చాలా దూరంలో ఉంది. 2023లో తెలంగాణ కొత్త సచివాలయం తెరిచే ముందు దాని గుమ్మటాలు ఏ మతానివి అని రాజకీయ రగడ నడిచింది. గుంటుపల్లిలో బౌద్ధుల గుమ్మటం కింద శివుడు వెలిసి ఎన్నో తరాలైంది. ఆ ప్రశ్నకు అక్కడ దొరికినంత జవాబు టీవీ చర్చల్లో దొరకదు. నాకు ఆ గొడవలో బాధ కలిగించింది వేరే. రెండు పక్షాలవారూ బయటి ఫొటో చూసే వాదించారు.

ఇప్పుడు కట్టగలమా

"పాతకాలపు పనితనం పోయింది, ఇప్పుడు ఫైబరే గతి" అనేవాళ్లు ఉన్నారు. అది నిజం కాదు. 1990ల చివర్లో కోయంబత్తూరు దగ్గర ధ్యానలింగ ఆలయానికి సుమారు 22 మీటర్ల గుమ్మటం ఇటుకలతో కట్టారు, ఉక్కు కడ్డీ లేకుండా. ముంబయి గొరాయిలో విపశ్యన పగోడా 2009లో తెరిచారు. 85 మీటర్ల అడ్డకొలత, ఒకదానికొకటి గొళ్లెం పడే రాళ్లు, మధ్యలో స్తంభం లేదు, 8 వేల మంది కూర్చోవచ్చు. ఆరోవిల్‌లో సెంట్రింగు, అంటే కింద ఆనించే తాత్కాలిక చట్రం, లేకుండా మట్టి ఇటుకలతో కమానులు, గుమ్మటాలు కట్టడం నేర్పుతున్నారు. ఇక తిరువనంతపురం తంపానూరు బస్టాండు దగ్గర బేకర్ కట్టిన ఇండియన్ కాఫీ హౌస్ గుమ్మటం కాకపోయినా గుండ్రటి గదికి మంచి ఉదాహరణ. మెలి తిరుగుతూ పైకి పోయే ఒకే ఒక వాలు, దాని పొడవునా గోడకు ఆనుకుని కట్టేసిన బల్లలు, అరుగులు. బీరువా సమస్యకు కచ్ ఆడవాళ్లు చూపిన పరిష్కారమే ఆయనా చూపాడు, గదికి తగ్గ సామానును గదితోపాటే కట్టాడు.

కాబట్టి నేను అడిగేది చాలా చిన్నది. ఇళ్లు పలకగానే ఉండనివ్వండి. పంపకం లేనివి, ఎవరి వాటాకూ రానివి కొన్ని ఉంటాయి కదా: అంగన్‌వాడీ, ఊరి గ్రంథాలయం, ఆసుపత్రి ముందు జనం కూర్చునే గది. వాటిలో ఒక్కటైనా గుండ్రంగా కట్టి, పైన నిజంగా బరువు మోసే గుమ్మటం వెయ్యొచ్చు. అంగన్‌వాడీ పిల్లలు ఎలాగూ గుండ్రంగానే కూర్చుంటారు. ప్రతిధ్వని వస్తుంది నిజమే. గుమ్మటం తక్కువ ఎత్తులో వేసి, గోడల్లో జాలీలు పెట్టి, లోపల గరుకు పూత పూస్తే చాలావరకు తగ్గుతుంది.

మా ఊళ్లో కొత్త అంగన్‌వాడీ పునాది తీస్తుంటే అక్కడి మేస్త్రీతో ఈ సంగతి ఎత్తాను. అరవై దాటిన మనిషి. చిన్నప్పుడు తన తండ్రి వెంట ఒక దర్గా గుమ్మటం పనికి వెళ్లాడట. సున్నం, కరక్కాయ నీళ్లు ఎలా కలిపేవారో, ఇటుకను ఏ వంపున పెట్టేవారో చేత్తో గాల్లో చూపించాడు. "గీత గీసిస్తే నేను కడతానండీ, అదేం బ్రహ్మవిద్య కాదు. గుండ్రటి గోడకు ఎస్టిమేటులో రేటు ఎక్కడుంది? రేపు కొలతలు తీసే అసిస్టెంట్ ఇంజనీరు, ఏఈగారు, పొడవెంత, వెడల్పెంత అని అడిగితే నన్నేం చెప్పమంటారు?" అన్నాడు. నేను వృత్త వైశాల్యం సూత్రం చెప్పబోయాను. ఆయన నవ్వి, అది ఆయనకు చెప్పండి అని, ఆ సాయంత్రం ఏఈ ఎన్నింటికి వస్తాడో కూడా చెప్పాడు.